నిర్మానుష్యమైన చేపల సందు

రేవులపట్నం పురపాలక సంఘంలో పట్టణ ప్రణాళిక విభాగం సూపర్‌వైజరు పప్పల భానోజీరావు, ఒక సోమవారం పొద్దున, తాను కాపురముంటున్న సందులో మనుషులెవరూ నడవరని సంతకం పెట్టాడు. అంతకు కాసేపటి ముందే అదే సందులోంచి ఇద్దరు ముగ్గురి కాళ్లు తొక్కి, ఒక చేపల గంప అంచు మోచేతికి గీరుకుని ఆఫీసుకు వచ్చాడు. సంతకం పెట్టేటప్పుడు కూడా ఒక కానాగంత చేప పొలుసు ఆయన చొక్కా జేబు మీద మెరుస్తూనే ఉంది.

ఇదంతా ‘అందరి పటం’ వల్ల వచ్చింది. ఇంటర్నెట్‌లో ఉండే ఆ పటానికి యజమాని లేడు. ఎవరి ఊరి సంగతులు వాళ్లు అందులోకి ఎక్కించవచ్చు. ఇక్కడ బడి ఉంది, అక్కడ మందుల షాపు ఉంది, ఈ వీధికి అవతల దారి లేదు, అలా. తప్పుంటే మరొకరు దిద్దవచ్చు. సరదా ఉన్నవాళ్లు ఏళ్లుగా చేసుకుంటున్న పని, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇంతలో అది రాజధానిలో ఎవరి కంటనో పడింది. రాష్ట్రంలోని ప్రతి పురపాలక సంఘమూ తన వీధుల్లో నడిచే జనం ఏపాటో ఆ పటంలో నమోదు చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. నిర్మానుష్యం, పలచన, మధ్యస్థం, రద్దీ, కిటకిట అని అయిదు తరగతులు. నిర్మానుష్యమైన వీధి పటంలో తెల్లగా ఉంటుంది, కిటకిటలాడే వీధి ముదురు ఎరుపు. వీధి ఎంత ఎర్రగా ఉంటే దానికి అన్ని దీపాలు, అంత ఊడుపు, అన్ని నీళ్లు. అన్నిటికంటే ఎర్రటి వీధికి రాష్ట్రస్థాయి జ్ఞాపిక.

కమిషనరు చిదానందమూర్తి గారు ఆ ఉత్తర్వును రెండు కళ్లకూ అద్దుకున్నారు. ఆయనకు నడక అంటే మహా గౌరవం. ఎంత గౌరవమంటే, దాన్ని ఎన్నడూ వాడి పాడుచెయ్యలేదు. బంగళా నుంచి ఎదురుగా ఉన్న ఆఫీసుకు కూడా కారులోనే వస్తారు. కిందటేడు ఆయన సముద్రపు ఒడ్డున గ్రానైట్ పలకలతో ‘పాదచారి పథం’ అని ఒక నడకదారి వేయించారు. రెండు పక్కలా దీపాలు, మధ్యమధ్య సిమెంటు హంసలు. అది నీళ్ల ట్యాంకు దగ్గర మొదలై, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆగిపోతుంది. పగలు ఆ పలకల మీద అట్లు పోసుకోవచ్చు. సాయంత్రం చల్లబడ్డాక కుక్కలు వచ్చి పడుకుంటాయి.

భానోజీరావు ఊరంతా తిరిగి, చూసింది చూసినట్టు రాసి పట్టుకెళ్లాడు. కమిషనరు గారు కాగితం చూసి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“ఏమిటయ్యా ఇది? చేపల సందు కిటకిటా? పాదచారి పథం నిర్మానుష్యమా?”

“అంతేనండి. సందులో కాలు పెట్టడానికి చోటు లేదండి. పథం మీద నాకు కనబడిన మనిషల్లా నేనేనండి.”

“అయితే ఒక మనిషి ఉన్నట్టేగా! నిర్మానుష్యం అని ఎలా రాస్తావు?”

“నేను లెక్క రాయడానికి వెళ్లానండి. నడవడానికి కాదండి.”

కమిషనరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన ముఖం వెలిగిపోయింది. భానోజీరావుకు భయం వేసింది. ఆ వెలుగు కిందటిసారి కనిపించినప్పుడు సిమెంటు హంసలు వచ్చాయి.

“అదీ! లెక్క రాయడానికి వెళ్లినవాడు పాదచారి కాడు. నీకు తెలియకుండానే శాస్త్రం మాట్లాడావయ్యా. మరి చేపల సందులోకి జనం దేనికి వస్తారు?”

“చేపలకండి.”

“వినియోగదారులు. తీసెయ్. అమ్మేవాళ్లు?”

“అమ్ముతారండి.”

“విక్రేతలు. గంపలు మోసుకొచ్చేవాళ్లు సరుకు రవాణా కిందికి వస్తారు. ఇంకెవరున్నారు?”

“కాపురాలున్నాయండి. మాదీ అక్కడేనండి.”

“నువ్వు ఆ సందులో నడక కోసం నడుస్తావా?”

“ఇంటికెళ్లడం కోసమండి.”

“గృహోన్ముఖుడివి. పాదచారివి కావు.” కమిషనరు గారు ఇలా ఒక్కొక్కరినే సందులోంచి ఏరి పారేస్తూ పోయి, చివరికి సందు నున్నగా ఖాళీ అయ్యాక కూర్చున్నారు. “చూశావా? ఒక్క పాదచారి లేడు. నువ్వేమో కిటకిట అని రాశావు. ఇక పథం సంగతి. అక్కడ నడక తప్ప వేరే ఏ పనీ చేసుకోవడానికి వీల్లేదు. కాబట్టి అక్కడ అడుగు పెట్టే ప్రతివాడూ శుద్ధ పాదచారే.”

“పెట్టినవాడు లేడండి.”

“పెడతాడు. పటం వర్తమానాన్ని మాత్రమే చూపితే పరిపాలన ఎందుకయ్యా?”

ఆ మధ్యాహ్నమే నిర్వచనం తయారైంది. ‘పాదచారి అనగా నడకయే పరమావధిగా నడుచు వ్యక్తి. క్రయ, విక్రయ, ఉద్యోగ, విద్యా, వైద్య, గృహ కార్యార్థమై నడుచువారు ఆయా కార్యములకు సంబంధించినవారే గాని పాదచారులు కారు.’ కమిషనరు గారు దాన్ని రాజధానికి కూడా పంపించుకున్నారు. సోమవారం పొద్దున భానోజీరావు సంతకం పెట్టాడు. సందు తెల్లబడింది, పథం ఎర్రబడింది.

తెల్లటి వీధికి దీపాలు దండగ. సందులో దీపాలు ఆరిపోయాయి. మనుషులు నడవని చోట చెత్త ఎలా పుడుతుందని ఊడ్చేవాళ్లు రావడం మానేశారు. ఆ తరవాత కుళాయి కట్టేశారు. వారం తిరిగేసరికి సందులో చేపల పొట్టలు, పొలుసులు, ఐసు కరిగిన నీళ్లు కలిసి ఒక కొత్త వాసన తయారైంది. చేపల వాసనకు అలవాటుపడినవాళ్లు కూడా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

గరికిన పోలమ్మది ఆ సందులో మొదటి గంప. నలభై ఏళ్లుగా అక్కడే కూర్చుని అమ్ముతోంది. ఆమె గొంతు రేవు దాకా వినిపిస్తుందంటారు. ఒక పొద్దున భానోజీరావు ఆఫీసుకు బయలుదేరగానే ఆమె గంప పక్కకు జరిపి దారికి అడ్డం నిలబడింది.

“ఏటి బాబూ, ఈ సందులో మనుసులు లేరని రాసినారట?”

“మనుషులు లేరని కాదు పోలమ్మా. పాదచారులు లేరని.”

“అంటే ఏటి?”

“ఊరికే నడిచేవాళ్లు.”

“ఊరికే ఎవులు నడుత్తారు బాబూ, కాళ్లు నొప్పెట్టవా?” అని ఆమె వెనక్కి తిరిగి సందు మొత్తానికీ వినిపించేలా కేకేసింది. “ఒలే, మనం నడవటం లేదటే! ఎగురుతున్నామట!”

సందు గొల్లున నవ్వింది. భానోజీరావు తలవంచుకుని జనాన్ని తోసుకుంటూ, తాను లేరని రాసిన మనుషుల మధ్యనుంచి, ఎలాగో బయటపడ్డాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. అయినా ఏం చెయ్యగలడు? కమిషనరు గారి ముందు నోరెత్తి బతికినవాడు ఆ ఆఫీసులో లేడు.

ఇంతలో ఒక వింత జరిగింది. సందు పూట తిరక్కుండానే పటంలో ఎర్రబడిపోయేది. ఎవరో దిద్దేస్తున్నారు. భానోజీరావు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి తెల్లగా చేస్తాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు మళ్లీ ఎర్రగా ఉంటుంది. దిద్దినప్పుడల్లా కారణం రాయాలి కాబట్టి ఆయన ‘నిర్వచనం ప్రకారం’ అని రాసేవాడు. అవతలివాళ్లు ‘కళ్ల ప్రకారం’ అని రాసేవారు. కమిషనరు గారు దీన్ని ‘విద్రోహ చర్య’ అన్నారు. ఆ విద్రోహిని పట్టుకొమ్మని భానోజీరావుకే పురమాయించారు.

విద్రోహి ఆ ఆదివారం దొరికిపోయింది. సెలవైనా పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి సందును తెల్లగా చేసి వచ్చిన భానోజీరావు అన్నం ముందు కూర్చుని చూస్తే, ఆయన భార్య నీలవేణి ఎడమ చేత్తో చారు పోస్తూ, కుడి చేతి బొటనవేలితో ఫోను నొక్కుతోంది. తెర మీద చేపల సందు ముదురు ఎరుపులోకి తిరిగింది.

“నువ్వా!”

“నేనే. మీరు పొద్దున్న తెల్లగా చేసినారు కదా. అది మధ్యాహ్నం దాకా ఉంచడమే ఎక్కువ.”

“నా ఉద్యోగం పోతుందే!”

“నీళ్లు పోయినాయి. దీపాలు పోయినాయి. మొన్న చీకట్లో మీ కాలు చేపల తొట్టిలో పడ్డది. ఇంకేటి పోవాలండీ?” నీలవేణి గిన్నె కింద పెట్టింది. “ఒక మాట అడుగుతాను. నేను రోజూ ఈ సందులో నాలుగుసార్లు తిరుగుతాను. నేను మనిషిని కానా?”

భానోజీరావు చారన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నువ్వు గృహోన్ముఖురాలివి అని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. భార్యను పట్టించే ధైర్యం అంతకన్నా లేదు. విద్రోహి దొరకలేదనీ, ఊళ్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయనీ మర్నాడు విన్నవించుకున్నాడు.

“అయితే పటాన్ని కాపాడే మార్గం ఒక్కటే,” అన్నారు కమిషనరు గారు. “వాస్తవాన్ని దిద్దుదాం.”

సందు మొదట్లో బోర్డు వెలిసింది: ‘ఇది నిర్మానుష్య ప్రాంతము. మనుషులు నడవరాదు. నడిచి గణాంకములకు భంగము కలిగించువారు శిక్షార్హులు.’ ఇద్దరు హోంగార్డులను కాపలా పెట్టారు. పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చి బోర్డు చదివించుకుంది. హోంగార్డుల వైపు తిరిగింది.

“పరుగెట్టొచ్చా?”

హోంగార్డులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆఫీసుకు ఫోను చేశారు. ఆఫీసు నిర్వచనం తిరగేసింది. నడక అని ఉందే గాని పరుగు అని ఎక్కడా లేదు. పరుగుకు అభ్యంతరం లేదని సమాధానం వచ్చింది.

అంతే, పోలమ్మ చీర ఎగదోపి పరుగు తీసింది. ఆమె వెనక మిగతా గంపలు. గంపల వెనక కొనేవాళ్లు. ఆ రోజు నుంచి చేపల సందులో బేరాలన్నీ పరుగుమీదే సాగాయి. వంజరం ఎంత అని ఒక గుమ్మం దగ్గర అడిగితే మూడో గుమ్మం దగ్గర జవాబు వచ్చేది. పరుగెత్తలేని పెద్దవాళ్లను తోపుడుబండ్ల మీద కూర్చోబెట్టి తోశారు. పెన్షన్ తీసుకుంటున్న ఒక పెద్ద లెక్కల మేష్టారు రొయ్యల బుట్టకూ ఐసు దిమ్మకూ మధ్య కూర్చుని, తాను సరుకునని హోంగార్డుకు చెప్పి లోపలికి వెళ్లారు. నీలవేణి సంచి ఊపుకుంటూ కిలకిలా నవ్వుతూ పరుగెత్తేది. పెళ్లయ్యాక ఆమె అంతగా నవ్వగా భానోజీరావు చూడలేదు. ఆయన కూడా సాయంత్రం సందు మొదట్లో చెప్పులు విప్పి చేత పట్టుకుని, టిఫిన్ క్యారేజీ గలగలలాడుతుండగా ఇంటిదాకా లగెత్తేవాడు. హోంగార్డులు సెల్యూట్ కొట్టేవారు.

అటు పాదచారి పథం ఇంకా ఖాళీగానే ఉంది. రాజధాని నుంచి మూల్యాంకన బృందం వస్తోందని కబురు రాగానే కమిషనరు గారు ఇంకో ఉత్తర్వు తీశారు. సిబ్బంది అంతా వంతులవారీగా పథం మీద నడవాలి. మొదట ఆరోగ్య విభాగం నడిచింది. జనం చాలలేదు. ఇంజనీరింగు, పన్నులు, జనన మరణాల విభాగాలు కలిశాయి. అప్పటికీ మనుషుల మధ్య పలకలు కనిపిస్తున్నాయని అందరినీ ఒకేసారి నడిపించారు. ఆఫీసులో ఫ్యాన్లు మాత్రమే పనిచేస్తుండేవి.

జనానికి ఆఫీసుతో పనులుంటాయి కదా. సర్టిఫికెట్లకోసం వచ్చినవాళ్లు సంగతి తెలుసుకుని పథం మీదికి వచ్చారు. గుమస్తా పక్కనే నడుస్తూ గోడు చెప్పుకునేవారు. ఒకరి వీపు మీద కాగితం పెట్టి మరొకరు సంతకం చేసేవారు. రబ్బరు ముద్రలు జేబుల్లోకి చేరాయి, సిరాపెట్టెలు సిమెంటు హంసల వీపుల మీద స్థిరపడ్డాయి. నడిచేవాళ్లకు దాహం వేస్తుంది కాబట్టి టీ బళ్లు వచ్చాయి. ఆకలేస్తుంది కాబట్టి పునుగుల బళ్లు వచ్చాయి. ఊరంతా ఇక్కడే ఉంటే ఆ సందులో పరుగులెందుకని పోలమ్మ ఒక పొద్దున గంప తెచ్చి మొదటి హంస పక్కన దించింది.

“ఇక్కడ నడవచ్చట గదేటి,” అని కూర్చుంది.

మూడో రోజుకు చేపల సందు చేపల సందంతా గ్రానైటు మీదికి వచ్చేసింది. కవళ్లు, సందువాలు, పండుగొప్పలు, ఇంకా రకరకాల చేపలు హంసల చుట్టూ పరుచుకున్నాయి. కమిషనరు గారు కారు అద్దం దించి ఆ జనసముద్రాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆనందమో వాసనో డ్రైవరు చెప్పలేకపోయాడు. సందులో కాపలా కాయడానికి ఎవరూ మిగలలేదు కనుక హోంగార్డులను కూడా పిలిపించి పథం మీద నడవమన్నారు.

మూల్యాంకన బృందం నాయకురాలు మందాకిని గారు పొద్దున్నే దిగారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమెను చూస్తే ఎవరికీ భయం వెయ్యదు. ఆమె చేతిలో ఒక పుస్తకం ఉంది.

“మూర్తిగారూ, మీ నిర్వచనం అద్భుతం,” అన్నారు ఆమె. “రాష్ట్రమంతటికీ దాన్నే ప్రామాణికంగా తీసుకున్నాం. ఈ పుస్తకం మొదటి పేజీలో వేశాం.”

కమిషనరు గారు వినయంగా వంగారు. వంగినవారు ఆ తరవాత చాలాసేపు లేవలేదు. ఎందుకంటే మందాకిని గారు జనంలోకి నడిచి, ఎదురైనవాళ్లందరినీ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు: మీరు ఇక్కడ దేనికి నడుస్తున్నారు?

“మా అబ్బాయి పుట్టిన సర్టిఫికెట్ ఈ బాబు జేబులో ఉందండి,” అన్నాడొకడు.

“అర్జీదారు,” అని ఆమె కొట్టేశారు. పునుగులు తింటున్నవాడు వినియోగదారు. హోంగార్డులు విధి నిర్వహణ. పోలమ్మ నడవడం లేదు, కూర్చుంది. కమిషనరు గారు తాను పర్యవేక్షిస్తున్నానన్నారు, ఆయనా లెక్కలోంచి పోయారు. ఇక భానోజీరావు వంతు వచ్చింది.

కమిషనరు గారు మందాకిని గారి భుజం వెనకనుంచి కనుబొమలతో వేడుకుంటున్నారు. ఒక్క మాట చాలు, ఊరికే నడుస్తున్నానండి అని. భానోజీరావు నోరు తెరిచాడు. ఎదురుగా హంస పక్కన పోలమ్మ చేపల మీద నీళ్లు చిలకరిస్తూ తనకేసి చూస్తోంది. ఆమె పక్కన సంచి పట్టుకుని నీలవేణి నిలబడి ఉంది. ఇన్నాళ్లూ తాను తెల్లరంగు పూసిన మనుషులందరూ ఒకేచోట, కళ్ల నిండా కనిపించారు. మాట స్పష్టంగానే వచ్చింది.

“నడవమని ఉత్తర్వండి. ఆఫీసు మొత్తం అందుకే నడుస్తోందండి. ఊరికే నడిచేవాళ్లు ఈ పథం మీద కుక్కలు తప్ప ఎవరూ లేరండి.”

మందాకిని గారు కుక్కలకేసి చూశారు. అవి నిజంగానే ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా, అటూ ఇటూ నడుస్తున్నాయి. ఆమె విచారంగా తల ఊపి, మనుషులతో అంగుళం ఖాళీ లేకుండా నిండిపోయిన పాదచారి పథానికి ఎదురుగా ‘నిర్మానుష్యం’ అని రాసుకున్నారు.

“ఇప్పుడు ఆ తెల్లటి సందు చూద్దాం,” అన్నారు.

సందు దగ్గర అందరూ ఆగిపోయారు. చేపలు వెళ్లిపోయి, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ వెళ్లిపోయాక, వర్షం వచ్చి సందును కడిగేసింది. బళ్లు రాని చోటు, రెండు పక్కలా ఎత్తైన గోడల నీడ, రేవు నుంచి గాలి. ఈ సంగతి ఊళ్లోని మధుమేహం వాళ్లకు ఎలా తెలిసిందో తెలిసింది. డాక్టర్లు, ప్లీడర్లు, వాళ్ల క్లయింట్లు, రోగులు తెల్ల బూట్లు తొడుక్కుని, చేతులు విసురుకుంటూ సందులో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నారు. తోపుడుబండి దిగిన లెక్కల మేష్టారు అందరికంటే ముందున్నారు.

“మీరు దేనికి నడుస్తున్నారు?” అని మందాకిని గారు అడిగారు.

“నడవడానికి,” అన్నారు మేష్టారు ఆగకుండానే.

ఆ జవాబు సందు పొడవునా ప్రతి ఒక్కరూ ఇచ్చారు. మందాకిని గారి ముఖం మొదటిసారి విప్పారింది. రాష్ట్రం మొత్తంలో ఇంత శుద్ధమైన పాదచార సాంద్రత తాను చూడలేదన్నారు. చేపల సందు కిటకిట. జ్ఞాపిక చేపల సందుకే.

కమిషనరు గారు వెంటనే తేరుకున్నారు. ఆ సందు మీద తనకు మొదటినుంచీ గురి ఉందని, దాన్ని నిర్మానుష్యం చేసింది పాదచారులకు చోటివ్వడానికేననీ సభలో చెప్పి జ్ఞాపిక అందుకున్నారు. భానోజీరావు మీద చర్య తీసుకోవాలని ఆయనకు ఉంది గాని, జ్ఞాపిక తెచ్చిన సందులో కాపురమున్న ఉద్యోగికి ఏమని మెమో ఇస్తారు? కోపం అణుచుకుని ఒక శాలువా కప్పారు.

ఎర్రటి వీధికి రావలసినవన్నీ వచ్చాయి. దీపాలు ఇదివరకటికి రెట్టింపు వెలిగాయి. కుళాయి రోజంతా వచ్చింది. ఊడ్చేవాళ్లు రెండు పూటలా వచ్చారు. తెల్లబడ్డ పాదచారి పథానికి దీపాలూ ఊడుపూ ఆగిపోయాయి. మర్నాడే పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుని సందులోకి నడిచి వచ్చింది. ఆమె వెనక అందరూ వచ్చేశారు. తెల్ల బూట్ల వాళ్లు వాసన భరించలేక నాలుగు రోజుల్లో తప్పుకున్నారు. ఆఫీసు ఆఫీసులో కూర్చుంది. పథం మీద కుక్కలు పడుకున్నాయి. నిర్వచనం పాడుగాకుండా, ఎవరూ ఏమీ దిద్దకుండా, పటంలో ఆ రెండు దారులకూ ఉండవలసిన రంగులే ఉండిపోయాయి.

ఒక సాయంత్రం భానోజీరావు ఇంటికి వస్తూ సందు మధ్యలో ఆగి, ఫోను తీసి చూసుకున్నాడు. పటంలో సందు ముదురు ఎరుపుగా ఉంది. తల ఎత్తి చూశాడు. దీపాల కింద గంపలు, సంచులు, బేరాలు, తిట్లు, నవ్వులు. ఫోను చూసి, సందు చూసి, మళ్లీ ఫోను చూసి ముసిముసిగా నవ్వుకుంటూ నిలబడిపోయాడు.

“ఓ బాబూ!” పోలమ్మ గొంతు రేవు దాకా వినబడింది. “దారి మద్దెన ఆగిపోనారేటి? నడవండి నడవండి, ఎనకాల మనుసులొత్తన్నారు!”